నీడ వెంట పూసిన కంచె

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డ పక్కన మా ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా నాపబండలే నిలువుగా పాతి ఉండేవి. మా ఇంటికి మాత్రం కట్టె కంచె. నల్లమల టేకు తెచ్చి మా తాత స్వయంగా చేసినది. నేను పుట్టకముందే ఆయన పోయాడు. ఆయన ముఖం నేను చూడలేదు గానీ, ఆ కంచె చేసినాయన మనవరాలినని మాత్రం కనబడిన వాళ్ళందరికీ చెప్పుకొనేదాన్ని.

మా నాయనను కన్నతల్లిని మేము జేజి అంటాం. మా ఎండలకు రాయే పగులుతుంది, ఇక కట్టె ఎంత? అందుకని శివరాత్రి దాటగానే జేజి గానుగలో ఆడించిన కుసుమ నూనెను కాచి, గుడ్డలో జల్లించిన ఎర్ర జాజు మట్టి కలిపి, కంచెకంతా పూసేది. ఆ తర్వాత మా కంచె కొత్త పెళ్ళికూతురు కాళ్ళలా ఎర్రగా ఉండేది. అయితే మోకాళ్ళ నొప్పులతో జేజి కొన్నేళ్ళు ఆ పని చేయలేకపోయింది. కట్టె బూడిద రంగుకు తిరిగి, సన్నగా నెర్రెలు విచ్చింది.

ఆ ఏడు మా నాయన బండలు తెప్పించి ఇంటి పక్కన దించాడు. "ఇంగ యాలమ్మా ఈ కట్టెలు? పీకేసి బండలు పాతిస్తే పీడా పోతాది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, తీరిక లేని రైతు, అంతే. జేజి ఏడవలేదు, బతిమాలలేదు. "ఉగాది దాకా ఆగు నాయనా. అప్పటికీ పనికిరాదనిపిస్తే నేనే పీకిస్తా" అంది. తాత గుర్తుగా నాకున్నది ఆ కంచె ఒక్కటే.

మర్నాడు జేజి నూనె కాచి పెట్టింది. తన తల్లికి శ్రమ తప్పిద్దామనుకున్నాడో ఏమో, నాయన చేని నుంచి మిట్టమధ్యాహ్నం వచ్చి, మేము కునుకు తీస్తున్న వేళ, కంచె వాకిలి తలుపుకూ దాని పక్క కట్టెలకూ దట్టంగా నూనె పట్టించి వెళ్ళిపోయాడు. సెగలు కక్కుతున్న కట్టె దాన్ని లోపలికి తీసుకోలేదు. నూనె పైనే జిగురుగా నిలిచిపోయింది. పక్కింటి వాళ్ళ కళ్ళంలో పత్తి ఆరబోసి ఉంది. సాయంత్రం గాలి లేచేసరికి దూదంతా వచ్చి మా వాకిలికి అంటుకుంది. నున్నగా ఉండాల్సిన తలుపుకు తెల్లటి గడ్డం మొలిచింది. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏందప్పా, మీ తలుపుకు ముసలితనం వచ్చిందే!" అని నవ్వారు. నాయన తల ఎత్తలేదు.

మర్నాడు జేజి నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, గరుకు కాగితంతో ఆ జిగురంతా ఓపిగ్గా గీకించింది. తర్వాత పని మొదలైంది. పొద్దున ఇంటి నీడ పడమటికి పడినంతసేపు పడమటి కంచెకు పూశాం. తూర్పు వాకిలికి సాయంత్రం నీడ రాగానే నేను గుడ్డ ముంచబోయాను. జేజి నా చెయ్యి పట్టుకొని తలుపు మీద పెట్టింది.

"కాలుతాందా లేదా?"

"కాలుతాంది జేజీ."

"అయితే దానికింకా కోపం తగ్గలేదు. కోపంలో ఉన్నోళ్ళకు అన్నం పెడితే తింటారా? సల్లబడనీ."

పక్కింటి వాళ్ళు పత్తి కుప్ప చేసి పట్టలు కప్పేదాకా అట్లాగే కూర్చున్నాం. అప్పుడు మళ్ళీ చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పలచగా పూయడం, కట్టె తాగినంత తాగనివ్వడం, మిగిలింది పొడి గుడ్డతో తుడిచేయడం, జేజి చెబుతుంటే నేనే చేశాను. తనకు వంగడం చేతకాక వాకిలి మొత్తం నాకే వదిలేసింది. అంత పెద్ద పని నన్ను నమ్మి ఇచ్చినందుకు నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఉగాది పొద్దున నాయన చెంబుతో నీళ్ళు తెచ్చి తలుపు మీద కుమ్మరించాడు. తామరాకు మీద జారినట్టు నీళ్ళు పూసలు పూసలుగా జారిపోయాయి, చుక్క ఇంకలేదు. ఒక్కో గుంజనూ పట్టుకొని ఊపి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. "ఆ బండలు ఎద్దుల కొట్టంలో పరిపిద్దాంలేమ్మా" అన్నాడు. పండగకు వచ్చిన ప్రతివాళ్ళనూ వాకిట్లోనే ఆపి, "మా పాప పూసింది" అని చూపించాడు. జేజి పచ్చడి గిన్నె పట్టుకొని అరుగు మీద మహారాణిలా కూర్చుంది.

ఇప్పుడు నేను నంద్యాలలో ఉంటున్నాను, నాకూ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. పుట్టింట్లో తమ్ముడున్నాడు. శివరాత్రి దాటగానే ఫోన్ చేస్తాడు: "అక్కా, నూనె కాచినా. ఎప్పుడొస్తాండావ్?" ఆళ్ళగడ్డ బస్సెక్కి పోతాను. కంచె అంతా వాడూ వాడి పిల్లలూ పూస్తారు గానీ, వాకిలి జోలికి ఎవరూ రారు. అది నాది. సాయంత్రం నీడలో తాత చేసిన తలుపు మీద చెయ్యి పెట్టి, అది చల్లబడేదాకా కూర్చుంటాను.