మా డ్రమ్స్ అన్న అరుపు

మిర్యాలగూడలో మా డ్రమ్స్ అన్న చనిపోయాడని కోదాడ నుంచి మా గాయకుడు ఫోన్ చేసినప్పుడు, నేను సూర్యాపేటలో మా ఆల్బమ్ చివరి పాట సరిచేస్తున్నాను. తన రైస్ మిల్లులో గుండె పట్టుకుని కూర్చున్నాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. ఆ పాట అన్నకు పంపుదామనే కూర్చున్నాను. వినకుండానే పోయాడు. నా ఏడుపంతా దానికే.

కాలేజీ రోజుల్లో మేం ముగ్గురం సొంతంగా పాటలు కట్టుకుని రాక్ బ్యాండ్ నడిపాం. నాది గిటార్. మా పాటలు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పెళ్లి బరాత్‌లో సినిమా పాటలు వాయిస్తారా అని మాత్రం అడిగేవాళ్లు. తర్వాత ఉద్యోగాలు, సంసారాలు వచ్చి తలో ఊరు పట్టాం. తండ్రి పోయాక అన్న మీద ఆ మిల్లు పడింది. ఏళ్ల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు.

“సీజన్ అయిపోయింది, మిల్లు బందున్నది. రాండ్రి. మన పాటలు ఎవలు ఇనకున్నా మనమన్నా ఇందాం.”

వెళ్లేసరికి, రికార్డింగులో మోత రాకుండా మిల్లు గోడలకు గోనె సంచులు వేలాడదీసి పెట్టాడు. డ్రమ్స్ మీద ఎంత తుడిచినా తవుడు పోయేది కాదు. ఎవరి చెయ్యి తడబడినా కోప్పడేవాడు కాదు. “తప్పువోతే అందరం కలిసే పోదాం, మళ్ల కొట్టు” అనేవాడు. వదిన టీ తెచ్చి, “ఇన్నేండ్లకు ఈయన నవ్వుడు సూస్తున్న” అంది.

చిక్కల్లా అన్న గొంతుతోనే. యంత్రాల మోతలో హమాలీలకు వినపడేలా మాట్లాడీ మాట్లాడీ, మిల్లు ఆగినా ఆయన గొంతు తగ్గేది కాదు. ప్రతి పాటకూ ముందు గుండెల నిండా ఊపిరి పీల్చి, “ఒకటి, రెండు, ఇగ పట్టుండ్రి!” అని అరిచేవాడు. నడుమ ఊపు వస్తే మళ్లీ అరిచేవాడు.

“అన్నయ్యా, నీ అరుపంతా నా మైకులో పడుతోంది. పాట ఎలా వస్తుంది చెప్పు?” అని గాయకుడు తల పట్టుకున్నాడు.

“గీ నోరు మిల్లుది తమ్మీ. జర ఆగు, గిదీ బందయితది.”

మర్నాడు భుజం మీది టవల్ కొస పళ్ల మధ్య బిగించుకుని కూర్చున్నాడు. మేం పడీ పడీ నవ్వాం. ఆయనా టవల్ తీయకుండానే నవ్వాడు. ఆల్బమ్ మొత్తం అలాగే వాయించాడు. అరుపులున్న పాత రికార్డింగులన్నీ పనికిరావని తీసేశాం.

అన్న పోయాక ఆయన గొంతు కోసం ప్రతి పాటా వెతికాను. ఒక్క మాట లేదు. చివరి పాట మొదట్లో మాత్రం ఒక పెద్ద ఊపిరి వినపడింది. మిగతా పాటల్లో తీసేసినట్టే, శుభ్రం చేస్తూ దాన్ని కూడా తీసేసేవాణ్ని, ఫోన్ రావడంతో ఆగింది. గాయకుడికి వినిపిస్తే, “దాన్ని ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతా” అని భోరుమన్నాడు.

పెద్దకర్మ అయ్యాక మిల్లులోనే వదినకు ఆ పాట పెట్టాం. గోనె సంచులు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఊపిరి వినపడగానే వదిన వినమన్నట్టు వేలు పైకెత్తింది.

“ఇగో, ఇప్పుడు అరుస్తడు సూడుండ్రి.”

అరుపు రాలేదు. డ్రమ్స్ మొదలయ్యాయి. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంచి, వదిన ఇంకా వింటూనే ఉంది.