బంతి విసిరే పిల్ల, అందుకునే పిల్ల

మొన్న నిజామాబాదులో బాలికల బేస్‌బాల్ ఎంపిక పోటీలు జరుగుతుంటే, పాత కోచ్‌నన్న గౌరవం కొద్దీ నన్నూ పిలిచి షామియానా కింద కుర్చీ వేశారు. ఆట మధ్యలో ఒక తండ్రి సెల్‌ఫోన్ పట్టుకుని అంపైర్ దగ్గరకు వెళ్ళి, తాను తీసిన వీడియో చూపిస్తూ తన కూతురు ఔట్ కాదని వాదించాడు. పక్కనున్నవాళ్ళు విసుక్కున్నారు గాని నాకు నవ్వొచ్చింది. అలాంటి తండ్రులను ఇద్దరిని ఒకేసారి చూసినదాన్ని మరి.

నేను బోధన్ దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరిన కొత్తలో చుట్టూ ఎటు చూసినా చెరుకే. బడి మైదానం పక్కనే తోట ఉండేది. బంతి అందులో పడితే, వెతకడానికి వెళ్ళిన పిల్లలు బంతితోపాటు రెండు చెరుకు గడలూ పట్టుకొచ్చేవారు. తోట ఆసామి పాపం చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. పరుగు తీసేటప్పుడు తాకవలసిన బేసులుగా మాకు ఇసుక నింపిన గోనె సంచులే ఉండేవి.

మా బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిల్ల, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబంలోది. వెనకాల కూర్చుని ఆ బంతిని అందుకునే క్యాచర్ ఆ ఊరి రైతు బిడ్డ. ఈ ఆటలో ఆ ఇద్దరికీ పొత్తు కుదరకపోతే జట్టే లేదు. వీళ్ళకు చూస్తుండగానే కుదిరింది గాని, తండ్రులకే కుదరలేదు. ఇద్దరి పొలాలూ ఒకే పిల్లకాలువ కింద, కోస్తావాళ్ళది పైన, ఈ ఊరి రైతుది కింద. నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి ముఖాలు చూసుకోవడం మానేశారు. క్యాచర్ పిల్ల ఇంటికి వెళ్ళి నేనెంత బతిమాలినా, "మాకు నీళ్ళు రాకుంట అడ్డం కట్టినోళ్ళ పిల్ల తోటి నా బిడ్డ ఆడుడేంది టీచరమ్మా?" అన్నాడు తండ్రి. నన్ను సాగనంపే నెపంతో వాకిలి దాకా వచ్చిన తల్లి మాత్రం గొంతు తగ్గించి, "ఆయన పొలం కాడికి పోంగనే పంపుత, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. ఆ తల్లి ధైర్యం మీదే మా జట్టు నిలబడింది.

నిజామాబాదులో జిల్లా పోటీల ఫైనల్ రోజున ఎవరు చెప్పారో ఏమో, ఆట సగంలో ఉండగా ఆ తండ్రి భుజాన తువ్వాలుతో మైదానం హద్దు గీత పక్కన ప్రత్యక్షమయ్యాడు. పిల్లను లాక్కుపోతాడనుకున్నాను. కాని అతను కదలకుండా నిలబడి చూడసాగాడు. రెండో తండ్రి అప్పటికే మైదానానికి అవతలి కొసన ఉన్నాడు.

చివరి ఇన్నింగ్స్‌లో మేము ఒక్క పరుగు ముందున్నాం. అవతలి జట్టు పిల్ల పరుగు పూర్తయ్యే హోం ప్లేటు మీదికి దూసుకొచ్చింది, మా క్యాచర్ ఆమెకు బంతి తాకించింది, అయినా అంపైర్ ఔట్ కాదు, సేఫ్ అన్నాడు. స్కోరు సమమైంది. అంతే, తువ్వాలు తండ్రి లోపలికి ఉరికాడు.

"కండ్లు కనవడ్తలేవా సార్? నా బిడ్డ తాకిచ్చింది గద!"

అటు నుంచి రెండో ఆయన కూడా వచ్చేశాడు. "తగిలిందండీ, నేనూ చూశాను!"

ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదలనుకుంటాను. అంపైర్ ముక్కుసూటి మనిషి. "ఇద్దరు గీత అవతలికి పోండ్రి. లేకుంటే మ్యాచ్ వాళ్ళకిచ్చేస్త" అన్నాడు. వాళ్ళను ఆపడానికి నేను పరుగెత్తాను గాని, నాకూ అది ఔటే అనిపించింది. ఈలోగా మా క్యాచర్ ముఖం మీది ముసుగు తీసి తండ్రి ఎదుట నిలబడింది.

"బాపూ, నువ్వు బయటికి నడువు. సార్ సేఫ్ అన్నడు, అయిపాయె. ఆడేది మేము."

బంతి విసిరే పిల్ల తన తండ్రికి చేత్తో గీత చూపించిందంతే. పెద్దవాళ్ళిద్దరూ తలలు వంచుకుని వెళ్ళారు, ఈసారి ఒకే వైపుకు. ఆ తరువాతి పిల్లను మావాళ్ళు మూడు బంతుల్లో ఔట్ చేయడంతో అవతలివాళ్ళ వంతు ముగిసింది. మా వంతు రాగానే క్యాచర్ పిల్లే కొట్టి గెలిపించింది. కప్పు కంటే ఆ పిల్ల అన్న మాటే నాకు గొప్ప. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

ఆట అయ్యాక ఆమె తండ్రి నా దగ్గరకు వస్తుంటే తిట్లు తప్పవనుకున్నాను. అతను కాసేపు నసిగి, "గా విసిరే పిల్లకు చెయ్యి నొయ్యదా టీచరమ్మా?" అని అడిగాడు. నీళ్ళ తగాదా ఆ రోజుతో తీరిపోయిందని చెప్పను. అది చాలా కాలం సాగింది. కాని పిల్లను పంపడానికి ఆ తల్లి మళ్ళీ అతని పొలం వేళ చూసుకోవలసిన అవసరం రాలేదు. మా క్యాచర్ పిల్ల ఇప్పుడు నందిపేట్ వైపు ఒక బడిలో నాలాగే ఆటలు నేర్పుతోంది.

ఇప్పటి పిల్లలకు మంచి గ్లవ్స్ ఉన్నాయి, హెల్మెట్లు ఉన్నాయి, వెంట వచ్చే అమ్మానాన్నలున్నారు. సంతోషమే. ఆడపిల్లకు ఆటలేమిటని అనేవాళ్ళు తగ్గినందుకు నాకంటే సంతోషించేవాళ్ళెవరు? కాని ఒకటి గమనించాను. బంతి పడిన ప్రతిసారీ ఈ పిల్లలు గీత అవతలికి, తమ వాళ్ళ ముఖాల్లోకి చూస్తున్నారు. ఆ ఫైనల్ రోజున తప్ప మా పిల్లలకు అక్కడ ఎవరూ ఉండేవారు కారు. వాళ్ళు ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకునేవారు.