కళ్ళు మూసుకునే పరీక్ష

ఏలూరులో సీతారత్నం దగ్గర డ్రైవింగు నేర్చుకున్న ఆడవాళ్ళందరికీ ఒక పరీక్ష గుర్తుంటుంది. ఆపి ఉంచిన కారులో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేది. "వైపరు. లైటు. అద్దానికి గాలి." చెప్పిందల్లా చేత్తో తడిమి వెయ్యాలి. వరసగా పదిసార్లు తప్పకుండా వేస్తేనే కారు పెద్ద రోడ్డెక్కేది. ఎవరి సిఫార్సూ పనికొచ్చేది కాదు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ళ కిందట, ఆవిడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, ఆకివీడు దగ్గర ఒకావిడ వానలో వైపరు కోసం కిందికి చూసింది. అంతే, కారు చేపల చెరువులోకి దిగింది. గట్టు బురదలో చక్రాలు కూరుకుపోబట్టి, పక్క సీట్లో ఉన్న సీతారత్నంతో సహా ఇద్దరూ బతికారు.

మొన్న దసరాకి డ్రైవింగు స్కూలు యజమాని ఫణికుమార్ కొత్త కారు తెచ్చాడు. నొక్కే బటన్లు లేవు, తిప్పే నాబులు లేవు. మధ్యలో పెద్ద గాజు పలక. ముందు సీట్లో టీవీ పెట్టాలని ఎవరికి బుద్ధి పుట్టిందో గాని, ఆయన మాత్రం తెగ మురిసిపోయాడు.

సీతారత్నం వారం రోజులు ఆయనతో పోట్లాడింది.

"ఇప్పుడన్నీ ఇలాంటివేనండి. ఆ పరీక్ష మానెయ్యండి," అన్నాడాయన.

ఆ తర్వాత ఆవిడకి పోట్లాడాలనిపించలేదు. ఏదీ పెద్దగా అనిపించలేదు.

ఆ కారులో నేర్చుకుంటున్న మృదులకి మండవల్లి బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇంట్లో కొన్నదీ ఇలాంటి కారే. పొద్దున్నే కొల్లేరు మంచులో వెళ్ళాలి. అద్దం లోపల మసకేస్తుంది, గాలి పెడితేనే పోతుంది. అటూ ఇటూ చెరువులు, ఎదురుగా చేపల లారీలు.

"కళ్ళు మూసుకోండమ్మా. అద్దానికి గాలి."

మృదుల వేళ్ళు గాజు మీద జారాయి. ఎక్కడ తడిమినా ఒకటే నునుపు. ఏదో పాట మొదలైంది. మళ్ళీ వెయ్యమంటే ఎవరికో ఫోను వెళ్ళింది. సీతారత్నం తానూ కళ్ళు మూసుకుని చూసింది. తనకీ దొరకలేదు. కళ్ళు తెరిచి వేసినా మూడు చోట్ల నొక్కాల్సి వచ్చింది. ఆలోగా కారు చెరువులో ఉంటుందని ఆవిడకి తెలుసు.

"పక్కకి ఆపి వేసుకోండమ్మా."

"అక్కడ పక్కేదండీ? వెనక లారీ ఊరుకుంటుందా?" అంది మృదుల. మళ్ళీ తనే అడిగింది, "నేను వెళ్ళగలనంటారా మేడమ్? మీరు వద్దంటే బస్సులోనే వెళ్తాను."

వద్దనాలి. ఒక్క మాట. ఈమెని ఆపినా ఎదురొచ్చే వాళ్ళంతా ఆ గాజు పలకల్లోకే చూస్తూ వస్తారు కదా అనిపించింది.

"వెళ్ళగలరమ్మా," అంది సీతారత్నం.

మృదుల ముఖం వెలిగిపోయింది. నేర్చుకోవడం పూర్తయిందన్న ఫారం మీద సీతారత్నం సంతకం పెట్టింది. ఇన్నేళ్ళలో నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం అది. సిగ్గేస్తుందేమో అని ఎదురుచూసింది. వెయ్యలేదు. "తర్వాత ఎవరమ్మా?" అని పిలిచింది.