పాత రాజ్మా

మా ఆయనకు డబ్బాల మీద నమ్మకం ఎక్కువ. దేవరయాంజాల్ దగ్గర తరతరాలుగా పొలం చేసిన ఇంట్లో పుట్టిన మనిషికి ఈ నమ్మకం ఎలా కుదిరిందో నాకు తెలియదు. పొలాలు ప్లాట్లయ్యాక శామీర్‌పేట వైపు గేటున్న కాలనీలో విల్లా కొనుక్కుని, అత్తమ్మను వెంటబెట్టుకుని వచ్చాం. వచ్చిన వారంలోనే ఆయన హైవే పక్కన ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్‌ను కనిపెట్టి, ట్రాలీ నిండా డబ్బాలు తెచ్చాడు. ఉడికించిన రాజ్మా, ఉడికించిన శనగలు, ఉడికించిన మొక్కజొన్న. రింగు పట్టి లాగితే మూత వచ్చేస్తుంది. గిన్నెలో పోసి తాలింపు పెడితే కూర.

"నానవెట్టుడు లేదు, ఉడకవెట్టుడు లేదు. ఇగ నీకు ఆరాం," అన్నాడు నాతో.

నా ఆరాం గురించి ఆయన ఆలోచించడం పెళ్లయ్యాక అదే మొదలు. ఆ ముచ్చటను చెడగొట్టబుద్ధి కాక ఊరుకున్నాను.

అత్తమ్మ మాత్రం ఒక డబ్బాను అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

"గిది ఎప్పుడు వండిండ్రు బిడ్డా?"

"దాని మీదనే రాసి ఉంటదమ్మా," అన్నాడు మా ఆయన.

"ఎవలు వండిండ్రు?"

"కంపెనోళ్లు."

"వండినామె చేతులు గడుక్కున్నదో లేదో, గది గూడ రాసిండ్రా?"

 అయినా డబ్బాలు రావడం ఆగలేదు. ఆఫర్ పెట్టినప్పుడల్లా అట్టపెట్టెలతో సహా వచ్చి మా స్టోర్‌రూమ్‌లో పేరుకున్నాయి. బొబ్బర్లు నానబోసే నా ఇత్తడి గిన్నె వాటి వెనక ఎక్కడో కనబడకుండా పోయింది.

అంతా అలాగే సాగిపోయేది, కాలనీ సంఘానికి ఎన్నికలు రాకపోతే. అధ్యక్షుడంటే క్లబ్‌హౌస్ తాళాలు ఉంచుకుని, వాచ్‌మన్లను మందలించే మనిషి. అంతకు మించి ఆ పదవిలో ఏమీ లేదు. అందుకే దానికి అంత పోటీ. మా ఆయన నిలబడ్డాడు. ఎదురు విల్లాలో ఉండే రిటైర్డ్ ఆఫీసరు కూడా నిలబడ్డాడు. ఆఫీసరు గారు పొద్దున నడకకు వెళ్తూ కాలనీ గ్రూపులో వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. నడక ఆయాసం వల్ల ఆయన ఏం చెప్పినా ఇల్లు తగలబడుతున్నట్టే వినిపించేది. ఒకరోజు ఇలా చెప్పాడు:

"డబ్బాలో ఉన్నది చచ్చిన తిండండీ. మన పెద్దలు గింజలు నానబెట్టుకుని, ఉడకబెట్టుకుని తిని నిండు నూరేళ్లు బతికారు. మన కాలనీలో ఒక పెద్దమనిషి అట్టపెట్టెల లెక్కన డబ్బాలు దింపుకుంటున్నారు. ఆయనా అధ్యక్షుడు అవుతానంటున్నారు. పేరు చెప్పను. తెల్ల కారు, మా ఎదురిల్లే."

మెసేజీ విన్నప్పుడు మా ఆయన డబ్బా మూత లాగుతున్నాడు. మూత అక్కడే వదిలేసి, గొంతు సవరించుకుని, తన మెసేజీ రికార్డు చేశాడు. తాను రైతుబిడ్డనన్నాడు. డబ్బా తిండికి తాను మొదటినుంచీ వ్యతిరేకినన్నాడు. వచ్చే ఆదివారం ఎండు గింజలు నానబెట్టి, కట్టెల పొయ్యి మీద వండి, మట్టికుండల్లో కాలనీ అందరికీ రాజ్మా అన్నం పెడతానన్నాడు. అది ముగించి, సగం తెరిచిన డబ్బా అందుకుని, చెంచా అడిగాడు.

"రాజ్మానే ఎందుకు? బొబ్బర్లో అనుములో వండొచ్చు గదా, మన దిక్కువి," అన్నాను.

"కాలనీల సగం ఓట్లు మందుల కంపెనీలల్ల పనిజేసే ఉత్తరాదోళ్లయి. బొబ్బర్లకు ఎవలస్తరు?"

అత్తమ్మ నవ్వింది. "మన పెద్దలు రాజ్మా ఎన్నడు తిన్నర్రా? నా పండ్లు సగం ఊడినంక ఇన్న నేను దాని పేరు."

"గా మాట ఆదివారం దాక ఎవలికి జెప్పకమ్మా."

గింజలు సూపర్‌మార్కెట్‌లో కొంటే ఎవరైనా చూస్తారని మేడ్చల్ బజారుకు వెళ్లాం. అక్కడ ఒక పాత కిరాణా దుకాణం ఉంది. గల్లాపెట్టె దగ్గర తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మా ఆయన లోపలికి వెళ్తూనే, "కొత్తయి వద్దు. మంచిగ పాత రాజ్మా గావాలె. ఎంత పాతయైతే అంత మంచిది," అన్నాడు.

పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "పాతయే గావాల్నా సాబ్? పక్కా?"

"పక్కా."

"అరే, మస్తు పాతయి ఉన్నయి! లోపల గోదాంల ఉన్నయి. ఒక్కలు అడుగుతలేరు. ఇయ్యాల మీరొచ్చిండ్రు, అల్లా దయ."

ఆయన ముఖంలో ఆ సంతోషం చూసి నాకు అనుమానం వచ్చింది. "పాత గింజలు ఉడుకుతయా?" అని మెల్లగా మా ఆయన చెవిలో అడిగాను.

"పాత బియ్యం ఎంత మంచిగ అయితయి? ఇవి గూడ అంతే. నీకు తెల్వది, నువ్వు జర ఊకో," అన్నాడు.

బియ్యానికీ గింజలకూ ఉన్న తేడా అక్కడే ఉన్న పెద్దాయనను అడిగితే చెప్పేవాడు. ఓటర్లు కాని వాళ్ల సలహా ఆ వారం ఆయన తీసుకునే స్థితిలో లేడు. గోనెసంచిని దుమ్ము దులిపి మరీ కారులో పెట్టించుకున్నాం.

శనివారం మధ్యాహ్నం నేనూ అత్తమ్మా గింజలు చాటల్లో పోసి రాళ్లు ఏరాం. ఏది రాయో ఏది గింజో వేళ్లకు తెలియడం లేదు, చూసి ఏరాల్సి వచ్చింది. తర్వాత టబ్బుల్లో పోసి బోరు నీళ్లు పట్టాం. మా కాలనీ బోరు నీళ్లు కుళాయిల మీద తెల్లటి పొర కట్టేంత గట్టివి. మా ఆయన మోకాళ్ల దాకా పంచె ఎగగట్టి, టబ్బులో చెయ్యి పెట్టి, ఫోటో తీయించుకుని గ్రూపులో పెట్టాడు. కింద 'మన మూలాలకు' అని రాశాడు. చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. ఆఫీసరు గారు కూడా ఒక బొటనవేలు పెట్టాడు.

ఆదివారం పొద్దున చూస్తే కొన్ని గింజలు ఉబ్బాయి, కొన్ని ముడతలు పడ్డాయి, చాలా గింజలు సంచిలోంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి. అయినా క్లబ్‌హౌస్ వెనక పచ్చగడ్డి మీద పొయ్యి పెట్టి, పెద్ద గంజు ఎక్కించాం. మా ఆయన కండువా వేసుకుని గంటె పట్టుకున్నాడు. వచ్చిన ప్రతి ఓటరుకూ మూత తీసి చూపించాడు. పొగ క్లబ్‌హౌస్‌లోకి వెళ్లి అలారం మోగింది. దాన్ని ఆపేసి మళ్లీ గంటె పట్టుకున్నాడు.

రాజ్మా మరిగింది, మరిగింది, ఇంకా మరిగింది. కట్టెలు అయిపోతే మళ్లీ తెప్పించాం. అత్తమ్మ ఒక గింజ తీసి ఊది నోట్లో వేసుకుంది. వెంటనే చేతిలోకి ఉమ్మేసి, "ఉన్న పండ్లు గూడ పోయేటట్టున్నయిరా," అంది.

వంట సోడా వేశాం. తోలు ఊడి పైకి తేలింది. తోలు లేని గింజ గంజు అడుగున గులకరాయిలా చప్పుడు చేసింది. అన్నం అయిపోయింది. ఉల్లిగడ్డ, టమాట, మసాలా వేగి, ఎర్రగా నూనె తేలి సిద్ధంగా ఉన్నాయి. జనం పళ్లేలు పట్టుకుని క్లబ్‌హౌస్‌లోకి చేరుతున్నారు. ఉడకని రాజ్మా తింటే ఓట్లు కాదు, ఆసుపత్రి నుంచి అంబులెన్సులు వస్తాయని నేను భయపడ్డాను.

"బంద్ జేద్దాం. అన్నంల పెరుగు పోద్దాం. ఉడకలేదని చెప్పుండ్రి, అయిపాయె," అన్నాను.

మా ఆయన గంటె నా చేతిలో పెట్టాడు. "జల్దీ వస్త," అని కారు తీశాడు. స్టోర్‌రూమ్‌లో ఉన్న డబ్బాలన్నీ ఎత్తాడు. అవి చాలవని, అదే పంచెతో, అదే కండువాతో సూపర్‌మార్కెట్‌కు వెళ్లి ఇంకా తెచ్చాడు. కండువా కప్పి వాటిని క్లబ్‌హౌస్ వంటగదిలోకి చేరవేశాడు. లోపల గడియ పెట్టుకుని ముగ్గురం మూతలు లాగడం మొదలుపెట్టాం. మా ఆయన తొందరలో బొటనవేలు కోసుకున్నాడు. అత్తమ్మ ఒక్కొక్క డబ్బా వంపుతూ, "గిదా రైతుబిడ్డ చేసే పని?" అని అడుగుతూనే ఉంది. మసాలాలో కలిపి, మట్టికుండల్లో నింపి, పైన కొత్తిమీర చల్లి బయటికి తెచ్చాం.

జనం తిన్నారు. మళ్లీ వడ్డించుకున్నారు. మందుల కంపెనీలో పనిచేసే ఒకాయన కళ్లు మూసుకుని, ఇది తన తల్లి చేతి వంట అన్నాడు. ఆఫీసరు గారు కుండ గీకించి మరీ వేయించుకున్నాడు. మైకు పట్టుకుని, "పోటీ వేరు, నిజం వేరు. ఈ మెత్తదనం డబ్బాలో దొరుకుతుందాండీ? కట్టెల పొయ్యి మహిమ ఇది," అన్నాడు. మా ఆయన గుడ్డ చుట్టిన బొటనవేలు చూసి, "వండుతూ కోసుకున్నారు పాపం," అని ఆడవాళ్లు జాలిపడ్డారు. నేను కుండలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. నవ్వు ఆగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆయన గెలిచాడు. ఉడకని రాజ్మాను ఆ ఆదివారం చీకటి పడకముందే కంపోస్టు గుంటలో పోశాం. అది అక్కడ కూడా మెత్తబడలేదని తోటమాలి ఇప్పటికీ ఫిర్యాదు చేస్తుంటాడు.

చిక్కు నాకు వచ్చింది. ఎండు గింజలు అంత మెత్తగా ఎలా వండాలో నేర్పించమని కాలనీ ఆడవాళ్లు పట్టుబట్టారు. కొత్త అధ్యక్షుడు నన్నడగకుండానే ఒప్పుకున్నాడు. ఈసారి నేను ఒక్కదాన్నే మేడ్చల్ వెళ్లాను. తెల్లగడ్డం పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "ఇంక పాతయి లేవమ్మా, అన్నీ సాబే కొంటవోయిండు," అన్నాడు బాధగా.

"ఈసారి కొత్తయి ఇయ్యి కాకా," అన్నాను.

ఆయన అప్పుడే వచ్చిన బస్తా విప్పాడు. నున్నగా మెరుస్తున్న గింజలు. బోరు నీళ్లు కాకుండా తాగే నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ తాగే నీళ్లే పోసి ఉడికించాను. ఇల్లంతా ఆ వాసన. వేలితో నొక్కితే గింజ వెన్నలా నలిగింది. ఉడికిన నీళ్లు చిక్కబడి మసాలాతో కలిసిపోయాయి. డబ్బాల కాలంలో నేను మరిచిపోయిన సంతోషం అది. గరిటె పట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి రుచి చూశాను, మళ్లీ చూశాను.

అదే క్లబ్‌హౌస్‌లో ఆడవాళ్లకు వడ్డించాను. తిన్నారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"బాగుంది," అంది ఒకామె మర్యాదగా. "కానీ ఆ రోజు రుచి రాలేదు."

"అవును, ఆ రోజు ఏదో ఉంది," అంది ఇంకొకామె. "కట్టెల పొయ్యి వల్ల కావచ్చు."

అందరూ వెళ్లాక, మా వెనక లేన్‌లో ఉండే పంజాబీ ఆవిడ ఉండిపోయింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఇక్కడే ఉంది, తెలుగు బాగానే మాట్లాడుతుంది. రెండోసారి వడ్డించుకుని నా పక్కన కూర్చుంది.

"ఇది అసలు రాజ్మా అక్కా. ఆ రోజుది డబ్బాది."

నేను గరిటె కింద పెట్టాను.

"మొదటి చెంచాకే తెలిసింది. మా ఇంట్లో కూడా అదే డబ్బా. ఈ కాలనీలో అందరి ఇళ్లలో అదే అక్కా, అందుకే అందరికీ అమ్మ చేతి వంటలా అనిపించింది."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీ ఆయన మా లేన్‌లో లైటు వేయిస్తానన్నారు కదా," అంది. లైటు ఇంకా రాలేదు. ఆ మాట ఇంట్లో గట్టిగా చెప్తానని ఆమెకు మాటిచ్చాను, చెప్పాను కూడా. చూద్దామన్నాడు.

అధ్యక్షుడి హోదాలో మా ఆయన కాలనీ గేటు దగ్గర 'డబ్బా తిండి వద్దు' అని బోర్డు పెట్టించాడు. డబ్బాలు మాత్రం ఇప్పుడు జిమ్ బ్యాగులో వస్తున్నాయి. క్లబ్‌హౌస్ ఆఫీసు గదిలో తింటాడట. నేను అడగను. మా వంటింట్లో గింజలు నానుతున్నాయి, అది చాలు.

ఆడవాళ్లకు వడ్డించిన రోజు మిగిలిన అసలు రాజ్మాను ఇంటికి తెచ్చి అత్తమ్మకు జొన్నరొట్టెతో పెట్టాను. మెల్లగా నమిలి, పళ్లెం తుడిచి తిని, చెయ్యి కడుక్కుంది.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"మంచిగనే ఉన్నది. నా పండ్లకు గూడ నలిగింది." కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "గని బిడ్డా, రేపు బొబ్బర్లు వండరాదే?" అంది.

స్టోర్‌రూమ్ మూలలోంచి ఇత్తడి గిన్నె తీసి తోమి, బొబ్బర్లు పోసి, నిండా నీళ్లు పోశాను.