పిండినల్లుల్లో పెద్దమ్మ చూపిన పురుగు

కోరుట్లలో మా జామతోటను ఆనుకుని ఉన్న తోట పెద్దమ్మ పోయిన నెల జగిత్యాల ఆసుపత్రిలో కన్నుమూసింది. చెట్లకు నీళ్లు పెడుతుంటే ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. మోటరు ఆపి వెళ్లాను.

నేను సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ణి. చెట్ల గురించి నాకు తెలిసింది చాలావరకు ఆమె చెప్పిందే. తోట పనిలోకి వచ్చిన తొలి ఏడు మా జామకొమ్మలకు పిండినల్లి పట్టింది. తెల్లటి పిండి, చుట్టూ నల్లచీమలు. నూలులో ఉండలు కనిపిస్తే ముందు లావు ఉండను తీసేయడం మాకు అలవాటు. అలాగే లావు నల్లులను ఏరి నలపసాగాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"లావుటియి ఏరుతున్న పెద్దమ్మ."

"గిది సాంచె గాదు. లావుగున్నదే మనది."

పుల్లతో ఒకదాన్ని తిరగేసింది. పిండి కింద పురుగు కాళ్లాడిస్తోంది. సీతాకోకచిలుక పిల్లట. నల్లులు కార్చే తీపి కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. ఈ పురుగు నల్లుల పిండినే ఒంటికి పూసుకుని, ఆ కాపలాలోనే ఉండి వాటిని తింటుంది.

"చీమలకు తెల్వదా?" అన్నాను.

"తెలిస్తే ఊకుంటయా? మా అత్త ఇంట్ల నేను బెల్లం తిన్నది గిట్లనే," అంది నవ్వకుండా.

రోజూ చాయ్ గ్లాసుతో చెట్ల మధ్య తిరిగేది. ఏ చెట్టు దగ్గర చాయ్ తాగడం మరిచిపోతే, ఆ చెట్టుకు ఏదో అయినట్టే. "నలిపే ముందు ఎవలో అర్సుకో" అనేది. ఆ ఏడు మందు కొట్టలేదు. కొన్ని కాయలు పాడయ్యాయి, చెట్లు కోలుకున్నాయి. ఆమెకు నా కృతజ్ఞత ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు.

దినాలైన మూడో రోజు ఆమె కొడుకు మందు డబ్బా వీపుకెత్తుకుని ఆమె చెట్ల దగ్గర నిలబడ్డాడు. మళ్లీ పిండినల్లి. ఒకరి తోటలో నేను మాట్లాడను. ఆ రోజు ఊరుకోలేకపోయాను.

"తమ్మీ, జర ఆగు."

"అమ్మ చెట్లన్నా. ఎండిపోతే ఊళ్లె నన్నే అంటరు."

"ఒక్కటి చూసినంక కొట్టు."

నల్లిని తినే పురుగు ఇదని మీ అమ్మే చెప్పిందంటూ ఆకు తిప్పి చూపించాను. సీతాకోకచిలుకగా మారేందుకు పురుగు ముడుచుకుని, శనగగింజంత అయి, ఆకుకు అంటుకుని ఉంది. వీపు మీద అచ్చం కోతి ముఖం.

అతను వంగి చాలాసేపు చూశాడు. "కొండగట్టు అంజన్న లెక్కున్నదే అన్నా. అమ్మ నాకెన్నడు చెప్పలె."

"నువ్వెన్నడన్న అడిగినవా?"

అతను డబ్బా దించాడు. ఒక్కో ఆకునూ మెల్లగా తిప్పి చూస్తూ, తల్లి నాటిన వరస చివరిదాకా వెళ్లాడు.