జానీబాషా చదవని పేర్లు

తిరువూరులో జానీబాషా మొహం తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ గొంతు తెలియనివాళ్ళు ఉండరు. ఇరవై రెండేళ్ళుగా ఆటోకు రెండు మైకులు కట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. చీరల దుకాణం తెరిచినా, కంటి వైద్య శిబిరం పెట్టినా, రెండు రోజులు కుళాయి నీళ్ళు రాకపోయినా ఊరికి ముందుగా చెప్పేది అతనే. ఇంట్లో మాత్రం ఆ గొంతు పెగలదు. "ఉన్నదంతా బయటే అరిచేసి వస్తాడు, మాకు మిగిల్చేదేముంది" అని భార్య కరీంబీ దెప్పిపొడుస్తుంది.

అతని పనికొక పద్ధతి ఉంది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా ఉన్నదున్నట్టు చదవడు. ఒక ఇంటిని ఆటో దాటిపోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్తలోనే చెవిన పడాల్సింది పడాలి. అందుకని పెన్నుతో కొట్టేసి కొట్టేసి నాలుగు ముక్కలు మిగులుస్తాడు. వాటినే రికార్డు చేసి రోజంతా వినిపిస్తాడు. ఆ కొట్టివేతలో తనను మించినవాడు లేడని అతనికి గర్వం. ఇరవై రెండేళ్ళు ఎండనకా వాననకా తిరిగినవాడికి ఆ మాత్రం గర్వం ఉంటే ఎవరి సొమ్మూ పోలేదు.

ఈ ఏడు రోహిణి కార్తె రాగానే ఎండలు నిప్పులు చెరిగాయి. మండలాఫీసు నుంచి రోజూ పొద్దున్నే వడగాడ్పుల కాగితం వచ్చేది. ఆ రోజు ఏయే మండలాల్లో తీవ్రంగా ఉంటుందో, ఎన్ని డిగ్రీలు ఉంటుందో, ఏ వేళల్లో బయటికి రాకూడదో అందులో ఉండేది. "మొత్తం చదవండి బాషా గారూ" అని గుమాస్తా విజయ్ కుమార్ ఇచ్చినప్పుడల్లా చెప్పేవాడు. అలాగే సార్ అని ఇతను ఆటో ఎక్కగానే పెన్ను తీసేవాడు. గంపలగూడెం, విస్సన్నపేట, వాటి కింద ఇంకో పదిహేను పేర్లు మన ఊరివాళ్ళకెందుకు? "తిరువూరులో ఈ రోజు నలభై అయిదు డిగ్రీలు. పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటకండి." అంతే చాలనుకునేవాడు.

వరసగా ఆరు రోజులు కాగితంలో తిరువూరు పేరుంది. ఆ ఆరు రోజులూ నాగేంద్రమ్మ ఇల్లు కదల్లేదు. మామిడి తోటల్లో కూలికి వెళ్ళే మనిషి ఆవిడ. అరవై దాటాయి. చదువు రాదు, ఫోనులో వచ్చే సందేశాలు చూడడం తెలియదు. ఆవిడకు వాతావరణ కేంద్రమంటే జానీబాషాయే. ఆటో తన వీధిలోకి రాగానే అరుగు మీంచే చెయ్యెత్తి ఆపేది.

"మన ఊరి పేరుందా నాయనా?"

"ఉంది పిన్నీ, కదలమాకు."

"నువ్వు కదలొద్దంటే కదల్ను."

లోపల్నుంచి కూతురు సుప్రజ నవ్వేది. "నేను చెబితే వినదన్నా. ఈవిడకి మైకులో చెప్పాల్సిందే."

ఏడో రోజు కాగితంలో తిరువూరు లేదు. జానీబాషా పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాడు. లేదు. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆరు రోజులుగా జనాన్ని భయపెట్టీ భయపెట్టీ తన గొంతంటే తనకే వెగటు పుట్టింది. కొట్లవాళ్ళు కూడా బేరాలు పోగొడుతున్నావయ్యా అని సణుగుతున్నారు. ఈ ఒక్క రోజైనా చల్లని మాట చెప్పాలనిపించింది. పేర్లన్నీ అడ్డంగా కొట్టేసి, కాగితంలో లేని వాక్యం ఒకటి సొంతంగా రాసుకున్నాడు. "ఈ రోజు మన తిరువూరుకు వడగాడ్పుల హెచ్చరిక లేదు."

నాగేంద్రమ్మ మామూలుగానే ఆటో ఆపింది. "లేదా నిజంగా?"

"లేదు పిన్నీ. నేనెందుకు అబద్ధమాడతాను?"

"బతికించావు. తోటలో ఆఖరి కోత. మేస్త్రీ రోజూ కబురు పెడుతున్నాడు."

తలకు తువ్వాలు చుట్టుకుని షేర్ ఆటో ఎక్కింది. ఏ తోటకని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ తోట విస్సన్నపేట మండలంలో ఉంది. అతను కొట్టేసిన పేర్లలో విస్సన్నపేట ఒకటి.

మధ్యాహ్నం రెండింటికి కాయలు ఏరుతూ ఏరుతూ కూలబడిపోయింది. తోటివాళ్ళు తడిగుడ్డలు కప్పి ఆసుపత్రికి తెచ్చేలోగానే ప్రాణం పోయింది.

కబురు తెలిసేసరికి జానీబాషా సాయంత్రపు అసర్ నమాజుకు మసీదులో కాళ్ళు కడుక్కుంటున్నాడు. నమాజులో నిలబడ్డాడు గానీ మనసు నిలబడలేదు. ఇంటికొచ్చి జేబులోని కాగితం తీశాడు. అడ్డగీత కింద విస్సన్నపేట అక్షరాలు శుభ్రంగా కనపడుతున్నాయి.

"నువ్వు ఉన్నదే చెప్పావు. అల్లా రాసింది ఎవరు తప్పిస్తారు?" అంది కరీంబీ.

"ఈ పేరు కొట్టేసింది నేనే కదా" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాటి కాగితంలోనూ తిరువూరు లేదు. విస్సన్నపేట ఉంది. ఇంకో మూడు రోజులు ఇలాగే ఉంటుందని రాశారు. జానీబాషా పెన్ను తియ్యలేదు, రికార్డూ చెయ్యలేదు. మైకు చేత్తో పట్టుకుని పదిహేడు పేర్లూ వీధి వీధినా చదివాడు. పాలవాడు ఆగి, ఏంటి బాషా ఇవాళ హాజరు పట్టీ చదువుతున్నావని నవ్వాడు. ఇతను నవ్వలేదు.

నాగేంద్రమ్మ వీధి మలుపులో ఆటో దానంతటదే ఆగినట్టయింది. చావింటి ముందు మైకు ఆపెయ్యడం అతను ఎన్నడూ తప్పని మర్యాద. ఆపేసి దాటిపోతే అడిగేవాళ్ళు లేరు. కానీ దాటలేకపోయాడు. షామియానా ముందు ఆటో ఆపి, మైకు పట్టుకుని దిగాడు.

"నేను జానీబాషాని. నిన్నటి కాగితంలో విస్సన్నపేట పేరుంది. నేను చదవలేదు. నాగేంద్రమ్మ పిన్ని నన్నడిగే పనికెళ్ళింది. తప్పు నాది." ఆ తర్వాత ఈ రోజు పేర్లన్నీ చదివాడు. ఊరి పేరు లేకపోయినా మధ్యాహ్నం ఎవరూ ఎండలోకి వెళ్ళొద్దన్నాడు.

కుర్చీల్లోంచి ఇద్దరు మగవాళ్ళు లేచి మీదికొచ్చారు. సుప్రజ గుమ్మంలోకొచ్చి వాళ్ళను ఆపింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మళ్ళీ నా కళ్ళబడమాకు" అంది అతనితో. అతను తలవంచుకుని ఆటో వైపు తిరిగాడు.

"వెనక వీధిలో నలుగురు ఆ తోటకే బయల్దేరుతున్నారు" అంది సుప్రజ వెనకనుంచి. "ముందు అక్కడికెళ్ళి చదువు."