శెట్టి బొమ్మకు పచ్చగడ్డం

హోసూరులో ఒక నవరాత్రికి మా ఇంట్లో దేవుళ్లందరికీ ఒకేసారి గడ్డాలు మొలిచాయంటే నమ్ముతారా? నమ్మాలి. మొలిపించింది నేనే. ఆ గడ్డాలు మోకాళ్ల దాకా వేలాడాయని మనవళ్లకు చెబుతుంటాను. మీ దగ్గర మాత్రం నిజం చెప్పేస్తాను: బియ్యపుగింజ పొడవు. పరువు పోవడానికి అంత చాలదూ?

అది తొంభైల మాట. నేను ఫ్యాక్టరీలో ప్యాకింగు సెక్షన్లో పనిచేసేవాణ్ణి. హోసూరు చలికీ ముసురుకూ ఇంటింటా తడిబూజు పట్టేది. ఆ బూజు పాలిట యముణ్ణని వీధిలో నాకు పేరు. ఆ పేరు పెట్టుకున్నది నేనే అనుకోండి. ఎవరింటికి కాఫీకి వెళ్లినా ముందు ఫ్రిజ్ తలుపు తెరిచి, రబ్బరు మడతలో వేలు పెట్టి, నల్లబడిన ఆ వేలిని ఇంటివాళ్ల ముక్కు కింద ఆడించేవాణ్ణి. "బీరువా గోడకు ఆనించొద్దు, జానెడు ఎడం వదలండి. క్యాలెండరు ఎనక చూసినారా? సింకు కింద ఆ గోనెసంచి ఏంటికి?" అని ఒకటే ఉపన్యాసం. ఎదురింటి మునెమ్మక్క అయితే నేను గుమ్మంలో కనబడగానే వెళ్లి ఫ్రిజ్‌కు అడ్డం నిలబడేది.

ఆ గడ్డాల పండగకు ముందటేడు నవరాత్రికి మా అత్త కృష్ణగిరి నుంచి తన కొలువు బొమ్మలు తెచ్చి నా భార్య సరోజ చేతిలో పెట్టింది. అవి అత్తకు వాళ్లమ్మ ఇచ్చిన మట్టిబొమ్మలు. తన కోడలు అడిగినా ఇవ్వలేదు. పండగయ్యాక వెళ్తూ ఒక మాట అంది.

"వచ్చే కొలువుకు వచ్చి చూస్తాను సరోజా. బాగా పెట్టుకుంటే నీకే. లేకుంటే కోడలికిస్తాను."

"నేనుండగా భయమేంటికి అత్తా?" అన్నాను. అసలు భయపడాల్సింది నేనుండటానికేనని పాపం ఆమెకు అప్పటికి తెలియదు.

అత్త వెళ్లాక బొమ్మలు ఎత్తిపెట్టాలని సరోజ పాత పంచె చింపి, ఒక్కో బొమ్మకూ పొడి గుడ్డ చుట్టడానికి కూర్చుంది.

"పంచె గుడ్డలా! ఫ్యాక్టరీలో మిషను సామాన్లు ఎట్ల కడతామో తెల్సునా? గాలి దూరితే కదా బూజు!"

"మా అమ్మ ఇట్లే కడతాది. నువ్వు సుమ్నే ఉండప్పా."

నేనా, ఊరుకోవడమా? కుంకుమ మరకలు పోవాలని ప్రతి బొమ్మనూ తడిగుడ్డతో తుడిచాను. ఆరీ ఆరకముందే ప్లాస్టిక్ కవర్లో దూర్చి టేపు మీద టేపు చుట్టాను. చీమ కాదు కదా, చీమ ఊపిరి కూడా దూరదు. ఆ పెట్టెను తీసుకెళ్లి స్నానాలగది మీది అటకపైన పెట్టాను. ఎందుకంటారా? మా ఊళ్లో ఏడాది పొడుగునా వేడినీళ్ల స్నానమే కదా, ఆ వేడికి అటక వెచ్చగా ఉంటుందని! వేడితోపాటు ఆవిరి కూడా పైకే పోతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఊరందరి సింకుల కిందా దూరిన ఈ తల, సొంత అటక వైపు ఒక్కసారీ ఎత్తి చూడలేదు.

మళ్లీ నవరాత్రి వచ్చింది. అత్తా వచ్చింది. కొలువు మెట్ల మీద తెల్లగుడ్డ పరిచారు. సరోజ ముందే పెట్టె విప్పబోతే, "నలుగురూ చూస్తుండగా విప్పుతా" అని ఆపాను. మునెమ్మక్కను పనిగట్టుకుని పిలిచాను.

బ్లేడుతో టేపు కోశాను. మూతపెట్టి మరిచిపోయిన సద్దిడబ్బా తెరిచినట్టు గుప్పుమంది. ముందు బయటికి వచ్చింది అంగడిలో కూర్చునే శెట్టి బొమ్మ. నున్నటి చెంపల నిండా పచ్చటి నూగు.

"ఏమప్పా, శెట్టికి గడ్డం ఎప్పుడు పెరిగింది?" అంది మునెమ్మక్క.

"శబరిమలకు మాలేసుకున్నాడు కదక్కా!"

"అట్లనా! శెట్టెమ్మ కూడా ఏసుకునిందా?"

చూస్తే పక్కనున్న శెట్టెమ్మకు ఇంకా ఒత్తుగా ఉంది. అందరూ నవ్వారు. సరోజ నవ్వలేదు. ఆమె వాళ్లమ్మ ముఖమే చూస్తోంది.

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. "దీనికి మందుండాది" అంటూ ఫినాయిలు ముంచిన గుడ్డతో లక్ష్మీదేవి ముఖం రుద్దాను. బూజు పోయింది. కళ్లూ పోయాయి. అవి నా గుడ్డకు అంటుకుని నన్నే ఉరిమి చూశాయని చెబుదామనుకున్నాను గానీ, నిజానికి రెండు నల్లటి మరకలు, అంతే.

సరోజ ఆ గుడ్డ లాక్కుంది. "మా అమ్మ నన్ను నమ్మి ఇచ్చింది. ఇంక కోడలికే ఇచ్చేస్తాది. చాలునా నీకు?" అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ నిమిషాన ఎవరైనా నన్ను కవర్లో దూర్చి టేపు చుట్టినా కాదనేవాణ్ణి కాదు.

అత్త పెట్టె పక్కన కూర్చుంది. ఒక్కో కవరూ చింపి, పొడి గుడ్డతో మెల్లగా అద్ది, బొమ్మల్ని ఎండలోకి చేర్చింది. చాలావాటికి రంగు నిలిచింది. కళ్లులేని లక్ష్మిని మాత్రం ఒళ్లో పెట్టుకుంది.

"ఏమప్పా అల్లుడా, యాడ పెట్టినావు వీట్ని?"

"స్నానాలగది మీద అత్తా. వెచ్చగుంటాదని."

"ఊరోళ్ల ఇండ్లలో బీరువాల ఎనకంతా ఎతుకుతావంటనే?"

ఫినాయిలు సీసాను మెల్లగా వీపు వెనక దాచాను.

అత్త వంటింటి వైపు తిరిగి పిలిచింది. "సరోజా, కండ్లు తుడుచుకొని రామ్మా. బొమ్మలు ఈడే ఉంటాయి. బూజుదేముంది, ఎండకు పోతాది. నీ మొగుణ్ణి ఏ ఎండలో పెట్టేది?"

లక్ష్మికి సరోజే కళ్లు దిద్దింది. ఒక కన్ను కాస్త పక్కకు పోయింది. గదిలో ఏ మూల కూర్చున్నా ఆ చూపు నా మీదే ఉంటుంది. ఆ చూపు ఎదుట చేతులు కట్టుకుని ప్రమాణం చేశాను: పూర్తిగా ఆరిందని సరోజ ముట్టి చెబితే తప్ప ఈ ఇంట్లో దేనికీ మూత పెట్టను, ఆవిరి తగిలే అటక ఎక్కను. ఇంతవరకూ మాట తప్పలేదు. అందులో నా గొప్పేమీ లేదు లెండి. మా నిచ్చెనను అత్త ఆ రోజే మునెమ్మక్క ఇంటికి పంపించేసింది.